నువ్వుగింజంత ఇనుము

శుక్రవారం ఉదయం పదకొండుంబావుకు రేవణసిద్ధప్ప గది సీలు తీశారు. నాలుగు నెలల్లో అదే మొదటిసారి. తలుపు తోసింది నేను. గడపలో అడ్డంగా నిలబడింది సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జగన్‌మోహన్.

"అరగంట టైమిస్తున్నాను సదాశివగారూ. కోర్టువారి ఆర్డరు పట్టుకొచ్చారు కాబట్టి ఊరుకుంటున్నాను. లేకపోతే శవం లేచిన గదిలో ప్రైవేటు డిటెక్టివుకి ఏం పనండీ?"

"అరగంట ఎక్కువైతది సార్. మీరు నాలుగు నెలల్ల చూడనిది నేను పావుగంటల చూస్త."

ఆయనది బెజవాడ వైపు. నాది ఈ ఊరే. పోలీసు ఉద్యోగం నన్ను వదిలేసిందో, నేను దాన్ని వదిలేశానో చెప్పడం కష్టం. ఇప్పుడు స్టేషను రోడ్డులో ఒంటి గదిలో ఉంటాను. ఇంట్లో నాకంటూ ఎవరూ లేరు. వచ్చిపోయే పిల్లి కూడా పక్కింటివాళ్లది.

జరిగింది ఇది. 1961 మార్చి పద్నాలుగు, మంగళవారం. ఒకటిన్నరకు పట్వారీ రేవణసిద్ధప్ప గదికి తాళం వేసి భోజనానికి వెళ్లాడు. రెండుంబావుకు తిరిగి వచ్చాడు. మూడు గంటలకు అతని శవం కనిపించింది. తల మీద ఒకే ఒక్క సమ్మెట దెబ్బ. కాగితాలు దాచుకునే ఇనుప సందూకు గొళ్లెం విరిగి ఉంది. లోపల కాగితాల కట్టలు నలభై ఉండాలి, ముప్ఫై తొమ్మిదే ఉన్నాయి. పోయింది ముప్ఫై ఏడో కట్ట. అందులో ఝరాసంగం భూముల పాత దస్తావేజులు, ఇరవై ఇళ్లవాళ్లవి.

సాయంత్రానికల్లా కమ్మరి మాణిక్‌ను పట్టుకున్నారు. సమ్మెటా, సుత్తీ అతనివే. రెండు రోజుల ముందు ఆ గది తలుపు బందులు బాగుచేసి, ఉలి సాన పట్టడానికి తీసుకెళ్లి, మిగతా సామాను అక్కడే వదిలేశాడు. పైగా అతని కుడి కంటికి గుడ్డ కట్టి ఉంది. సుత్తి అంచున నువ్వుగింజంత ముక్క కొత్తగా లేచిపోయి ఉంది. జగన్‌మోహన్‌కు ఇంకేం కావాలి? సుత్తి ముక్క మాణిక్ కంట్లో దూరిందని చార్జిషీటులో రాసేశాడు. సోమవారం సంగారెడ్డి కోర్టులో కేసు పిలుస్తారు. కేసు పోతే మాణిక్ మెడ పోతుంది.

మాణిక్ తల్లి బస్వమ్మ మూడు వారాల కింద నా గడపలో కూర్చుని చెప్పిన మాట ఒకటి నా చెవిలో ఇంకా ఉంది. ఇన్‌స్పెక్టరు వెంట వచ్చిన జవాను చేతిలోని సుత్తిని తీసుకుని కిటికీ వెలుతురులో తిప్పాను. తల మీద గుండ్రటి అచ్చు ఉంది. సమ్మెట అచ్చు.

"చూసిన్రా సార్? సుత్తిని గొళ్లెం సందుల పెట్టి, దాని తల మీద సమ్మెట ఏసిండు. ఇనుము మీద ఇనుము, రెండూ పదును పట్టినయే. ఇట్ల కొడితే అంచు చిట్లి కంట్ల పడ్తదని మా ఇండ్ల పాలు తాగే పోరనికి గుడ ఎరుకేనన్నది మాణిక్ తల్లి. కమ్మరి అయినోడు చచ్చినా ఇట్ల కొట్టడు."

"తాగి కొట్టి ఉంటాడు."

"తాగలేదని మీ డాక్టరే రాసిండు."

"కంట్లో దెబ్బ మరి? అది దేవుడు కొట్టాడా?"

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. జేబులోంచి ఉత్తరం తీశాను. మాణిక్ కన్ను కుళ్లిపోతే జైలువాళ్లు హైదరాబాదు కంటి దవాఖానకు పంపారు. రెండో కన్నయినా దక్కాలని అక్కడ ఆ కన్ను తీసేశారు. తీసిన కంటి సంగతి ఇన్‌స్పెక్టరు అడగలేదు. నేను అడిగాను. డాక్టరు రెండు పేజీలు రాశాడు.

"కన్ను కోసి చూసిన్రు. లోపల ఇనుము లేదు. పావు అంగుళం జొన్న కొయ్యకాలు ముక్క ఉన్నది. పొద్దుగాల చేన్ల జారి పడ్డనని మాణిక్ మొదటి రోజే చెప్పలేదా మీకు?"

జగన్‌మోహన్ ఉత్తరం మొదటి పేజీ రెండుసార్లు చదివాడు. మొహం ఎర్రబడింది. మనిషి మొండివాడే గాని తెలివితక్కువవాడు కాడు.

"సరే. మరి ఇనపముక్క ఏదండీ? గదిలోనే పడి ఉంటుంది."

"నాలుగు నెలల సంది సీలు మీదేనాయె. ఉంటే ఈడనే ఉండాలె. చూద్దాం."

పాత రేడియోలోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తెచ్చాను. మోకాళ్ల మీద కూర్చుని షాబాదు బండల సందులన్నీ తుడిచాను. సందూకు కింద, గోడ మూలల్లో, కిటికీ చువ్వల దగ్గర, గడప చీలికలో. ఇరవై నిమిషాలు పట్టింది. పావుగంట అన్న గొప్ప అక్కడే పోయింది. దొరికినవి రెండు మేకులు, ఒక గుండుసూది, ఇంత తుప్పు పొడి. సుత్తి అంచుకు అతికే ముక్క లేదు.

"లేదు," అన్నాను లేచి దుమ్ము దులుపుకుంటూ. "గాలిల కలవలేదు గద. కొట్టినోని కంట్లనే ఉన్నది."

"ఊళ్లో ఒంటికన్ను వాళ్లందర్నీ వరసగా నిలబెడతారా ఏమిటి?"

"అదే చిక్కు సార్. వాడు ఒంటికన్నోని లెక్క కనబడడు."

ఉత్తరం రెండో పేజీ చదివి వినిపించాను. ఇనుప ముక్క దూరిన చోట గాయం సూదిమొనంత ఉంటుందట. నెత్తురు రాదు, వాపు కూడా రాకపోవచ్చు. నలుసు పడిందనుకుని మనిషి రెండు రోజుల్లో మరచిపోతాడు. ముక్క లోపలే ఉండి తుప్పు పడుతుంది. నెలలు గడిచేసరికి కన్ను రంగు మారుతుంది, చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది. ఒక్కోసారి దెబ్బ తగలని రెండో కన్ను కూడా దాని వెంట పోతుంది. ఎక్స్‌రే తీస్తే ముక్క కనబడుతుంది. పెద్ద అయస్కాంతం పెట్టి లాగేస్తారు, మనిషి వేళకు వస్తే.

జగన్‌మోహన్ టోపీ సర్దుకున్నాడు. "సోమవారం పదిన్నర. ఆ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టండి, మీ కమ్మరికి సంకెళ్లు నేనే విప్పుతాను. తేలేదా, ఈ ఉత్తరం మీ దగ్గరే దాచుకోండి. నా కేసు నాదే."

"మాట మీద ఉంటరా?"

"నేను మీకు నచ్చకపోవచ్చు. అబద్ధం మాత్రం ఆడనండీ."

ఆ మాట నమ్మాను. నమ్మినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

* * *

మా ఊళ్లో కంట్లో నలుసు పడితే ఎవరూ ముందు దవాఖానకు పోరు. మసీదు వెనక సందులో ఇమామ్ బీ దగ్గరికి పోతారు. ఆమె ఉప్పునీళ్లతో నోరు పుక్కిలించి, రెప్ప పైకెత్తి, నాలుక కొసతో నలుసు తీస్తుంది. ఏమీ తీసుకోదు. వచ్చినవాళ్లు ఇంత ఉప్పు పొట్లం కట్టి గడప మీద పెట్టి, తిరిగి చూడకుండా వెళ్లిపోవాలి. మా తాత నాటి నుంచీ అదే పద్ధతి. ఇంత సులువైన సంగతి నాకు మూడు వారాలు తట్టలేదు. పెద్ద డిటెక్టివును!

పన్నెండున్నరకు ఆమె ఇంటి ముందు నిలబడ్డాను. ఇమామ్ బీ కళ్లకే మోతియా వచ్చింది. రెండు కళ్లలోనూ తెల్లటి పొర. ఊరందరి కళ్లూ బాగుచేసిన మనిషికి ఇప్పుడు నేనొక నీడను.

"ఎవరు బేటా?"

"సదాశివను అవ్వా. కంట్లేం పడలే. ఒక సంగతి అడగనీకి వచ్చిన. కమ్మరి మాణిక్ నీ దగ్గరికి వచ్చిండా, రమ్జాన్ నెలల?"

"వచ్చిండు. ఆ రాత్రే షబే ఖద్ర్. పొద్దుగాల్నే వచ్చిండు, ఎండ ఇంక గడప కాడికి గుడ రాలే. జొన్న పుల్ల తునక తీసిన. ఇంక లోపల ఉన్నది, దవాఖానకు పో బిడ్డా అన్న. పోలే. పని ఉన్నదన్నడు."

రంజాన్ నెలలో జాగారం చేసే ఆ షబే ఖద్ర్ రాత్రి మార్చి పద్నాలుగునే. హత్య జరిగింది మధ్యాహ్నం రెండుంబావు తర్వాత, మాణిక్ కన్ను చెడింది పొద్దున్నే.

"ఆ దినం ఇంకెవరన్న వచ్చిన్రా?"

"ఎవరి కన్నో ఇంకొకరికి చెప్పొద్దు బేటా."

"చెప్పకుంటే మాణిక్‌ను ఉరి తీస్తరు అవ్వా."

తస్బీ పూసలు రెండు తిప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"పొద్దు వాలినంక, అసర్ అజాన్ అయినంక ఒకరు వచ్చిన్రు. మొగమనిషి. నోరు తెరవలే. మాట్లాడితే గుర్తుపడ్తననేమో. నా చెయ్యి పట్టుకొని ఎడమ కన్ను మీద పెట్టుకున్నడు. నాలుక పెట్టి చూసిన, నలుసు లేదు. నల్లగుడ్డు పక్కన సన్నని గీత తగిలింది. నేను రోజా ఒక్కపొద్దు ఉంటి, నోట్ల నీళ్లు గుడ లేవు. అందుకే రుచి సాఫ్ తెలిసింది. ఇనుము రుచి."

"ఉప్పు పెట్టిండా?"

"పెట్టకపోతడా? మంచి ఇంటి మనిషే. ఆ ఉప్పుతోనే నేను రోజా ఇడిచిన ఆ పూట."

"ఆ పొట్లం కాయితం..."

అడుగుతూనే ఆశ వదులుకున్నాను. నాలుగు నెలల కిందటి ఉప్పు పొట్లం! కాని ఇమామ్ బీ లేచి, గోడ తడుముకుంటూ వెళ్లి, తాఖ్ గూట్లోంచి గుడ్డమూట తీసింది.

"నాకు చదువు రాదు బిడ్డా. ఉర్దూ అక్షరం ఉన్న కాయితం కింద పడేస్తే పాపం. అందుట్ల అల్లా పేరు ఉన్నదో ఏమో. అన్నీ ఇందుల్నే పెట్టిన."

అరవై డెబ్బై ముక్కలుంటాయి. ఒక్కొక్కటే విప్పాను. పత్రికల ముక్కలు, పెళ్లి పిలుపులు, బడి పుస్తకాల అట్టలు. ఒకటి గట్టి గోధుమరంగు లిఫాఫా ముక్క, కాగితాలు పెట్టే కవరుది. మీద రేవణసిద్ధప్ప చేతిరాత, ఎర్ర సిరా, ఉర్దూలో: కట్ట నంబరు ముప్ఫై ఏడు. వచ్చినవాడు కంట నీళ్లు కారుతూ, ఏది జేబులో ఉందో చూడకుండా చింపి ఉప్పు కట్టుకొచ్చాడు. మనిషిని చంపిన రోజు కూడా ఆనవాయితీ తప్పనివాడు. కమ్మరి పని తెలియనివాడు. ఎడమ కన్ను.

* * *

సాయంత్రం ఐదున్నరకు రామ్‌కిషన్ మాస్టర్ సాబ్ ఇంటికి వెళ్లాను. కేసు కోసం కాదు. రోజూ వెళ్తాను. ఈ ఊళ్లో పని లేకుండా నాతో మాట్లాడే మనిషి ఆయన ఒక్కడే. ఉర్దూ బళ్లో ముప్ఫై ఏళ్లు చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆరేళ్లుగా ఇద్దరం కిటికీ పక్కన కూర్చుని షత్రంజ్, అదే చదరంగం, ఆడుతున్నాం. మొదటి ఐదున్నరేళ్లూ ఆయనే గెలిచాడు. ఈ మధ్య నేను గెలుస్తున్నాను. ఎత్తు వేసినప్పుడల్లా పైకి గట్టిగా చెప్పడం నాకొక జబ్బు.

"ఏనుగు నాలుగిండ్లు ముందటికి! కాచుకో మాస్టర్ సాబ్."

"కేసు ఎంత దూరం వచ్చింది సదాశివా?"

"జొన్న పుల్ల సంగతి తేలింది. ఇనుము ఎవని కంట్లున్నదో తేలాలె. నీ వజీరు పోతున్నది చూసుకో. ఎడమ దిక్కు."

ఆయన తల మొత్తం ఎడమకు తిప్పి చూశాడు. కోడిలా. ఆ తర్వాతే చెయ్యి వెళ్లింది. వజీరును దాటి పోయి, పక్క గడిలో గాలిని పట్టుకుంది.

నేను నవ్వబోయి ఆగాను. ఎన్నిసార్లు చూశాను ఇది? నాలుగు నెలలుగా నా గెలుపులన్నీ ఎడమ వైపు నుంచే. నా తెలివి పెరిగిందనుకున్నాను. ఓరి మూర్ఖుడా!

"చాయ్ పోస్త," అని ఆయన కెటిల్ అందుకున్నాడు. చాయ్ కప్పు పక్కన సాసరులో పడి, చదరంగం పలక మీదికి పారింది. ఆయన పోస్తూనే ఉన్నాడు.

మార్చి పద్నాలుగు సాయంత్రం గుర్తుకొచ్చింది. అదే కుర్చీ. ఎడమ కంటికి చేతిరుమాలు. "చేతి సంచి దులుపుతుంటే దుమ్ము పడింది" అన్నాడు. ఆ రోజే ఆయన మొదటిసారి ఓడిపోయాడు. ఇంటికి వెళ్లి ఆ ఆనందంలో నాకు నేనే సేమియా వండుకుని తిన్నాను. ఝరాసంగంలో పద్నాలుగు ఎకరాలు పట్వారీ ఇంకొకరి పేరుకెక్కించాడని ఆయన నాకు వందసార్లు చెప్పాడు. అనుమానంతో నేను రాసుకున్న ఆ ఇరవై ఇళ్ల జాబితాలో రామ్‌కిషన్ పేరు ఉంది. కొట్టేసింది నేనే. ఎందుకు కొట్టేశానంటే, ఆయన్ను కూడా అనుమానిస్తే ఈ ఊళ్లో నాకు మిగిలేది ఎవరు?

"మాస్టర్ సాబ్, జర కిటికీ దిక్కు చూడు."

ఆయనవి పిల్లి కళ్లు. బడి పిల్లలు పిల్లికండ్ల పంతులు అని వెనకాల పిలిచేవాళ్లు. పడమటి ఎండ మొహాన పడింది. కుడి కన్ను లేత ఆకుపచ్చగా ఉంది, ఎండకు మూసుకుపోతూ నీళ్లు కారుస్తోంది. ఎడమ కన్ను తుప్పు రంగులో ఉంది. ఎండ నేరుగా పడినా దాని పాప చిన్నది కాలేదు, రెప్ప కూడా వాలలేదు.

జేబులోంచి లిఫాఫా ముక్క తీసి బల్ల మీద పెట్టాను. "ఇమామ్ బీ దాచిపెట్టింది. ముప్ఫై ఏడో కట్ట."

ఆయన దాన్ని వేళ్లతో తడిమాడు. పక్కన పాలపిట్ట రంగు దుప్పటి కప్పిన పెట్టె వైపు చెయ్యి చాపాడు.

"మిగిలిన కాయితాలన్నీ అండ్లనే ఉన్నయి. నా దస్తావేజు ఒక్కటి తీసుకొని వద్దామని పోయిన సదాశివా. కిటికీ చువ్వ వదులుగ ఉండె. గొళ్లెం విరిగే వరకు పట్వారీ వచ్చిండు. మెడ పట్టిండు. సమ్మెట చేతిలనే ఉండె. నేను కొట్టిన. అబద్ధం చెప్ప."

"మాణిక్‌ను ఉరి తీస్తరు. ఆ తల్లి నా గడపల కూసొని ఏడ్చింది. నీకు నిద్ర ఎట్ల పట్టింది?"

"పట్టలే. రోజూ పొద్దుగాల అనుకున్న, ఇయ్యాల సదాశివ వస్తె చెప్త అని. నువ్వు ఐదున్నరకు వస్తవు. పావులు పేరుస్తవు. ఈ ఒక్క ఆట ఆడి, రేపు చెప్త అనుకుంట. చెప్తె నువ్వు మల్ల రావు గద."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కాని దానికంటే ముందు ఏడుపు వచ్చింది. ఇద్దరు మనుషులు సాయంత్రం పూట ఒంటరిగా కూర్చోలేక, ఒక కమ్మరిని నాలుగు నెలలు జైల్లో పెట్టాం. ఆయన తెలిసి, నేను తెలియక.

డాక్టరు ఉత్తరం చదివి వినిపించాను. ఎక్స్‌రే అంటే ఏమిటో, దాంతో ఏం బయటపడుతుందో దాచలేదు. "ముక్క బయటికి తీస్తే సుత్తికి అతుకుతది. నిన్ను పట్టిస్తది. తీయకుంటే రెండో కన్ను గుడ పోవచ్చు. దవాఖానకు పోయేది నీ ఇష్టంతోనే. పోకుంటే మాత్రం జగన్‌మోహన్ దగ్గరికి నేను పోత."

"దీపం ముట్టించు సదాశివా."

కిటికీ నిండా ఎండ ఉంది.

నేను కదల్లేదు. ఆయనకు అర్థమైంది. కుడి కన్ను చేత్తో తుడుచుకున్నాడు. "వారం సంది ఇది గుడ మసకనే. పావులు కనబడ్తలేవు. నీ ఎత్తు నువ్వు పైకి చెప్తవు గద, అది ఇని మనసుల ఆడుతున్న."

నిన్న కూడా గెలిచి సంబరపడ్డాను. చూపు లేని మనిషి మీద.

కాగితం తీసుకుని జగన్‌మోహన్‌కు రెండు వాక్యాలు రాశాను. ముక్క దొరికింది. రేపు ఉదయం హైదరాబాదు కంటి దవాఖానకు సుత్తి తీసుకుని రండి. పక్కింటాయన చేతికిచ్చి స్టేషనుకు పంపాను. ఆరున్నరకు హైదరాబాదు బస్సు ఉంది. డాక్టరు వేళకు వస్తే అన్నాడు, వేళ ఇంకా ఉందో లేదో నాకు తెలియదు. ముప్ఫై ఏడో కట్ట సంచిలో పెట్టుకున్నాను. ఆయన శాలువా కప్పుకున్నాడు. తాళం వెయ్యబోతే వద్దన్నాడు.

"ఉండనీ. లోపల ఏమున్నది? ఆ షత్రంజ్ నువ్వు తీసుకపో."

"నేనెవరితోని ఆడాలె?" అన్నాను. అంత గట్టిగా అనాలనుకోలేదు.

ఆయన గడప దగ్గర ఆగి, ముప్ఫై ఏళ్లుగా దిగుతున్న తన ఇంటి మెట్ల ముందు కాలు గాల్లో పెట్టి, నా వైపు చెయ్యి చాపాడు.

"ఎన్ని మెట్లు సదాశివా?"

"మూడు," అని చెప్పి ఆయన చెయ్యి పట్టుకున్నాను.